రెక్క లోపలి ఉప్పు

దేవుడు నాకు సన్నని చేతులిచ్చాడు. చిన్నప్పుడు వాటిని చూసి మా అమ్మ దిగులుపడేది. గాజులు మోచేతి దాకా ఎక్కి, చెయ్యి దించగానే జారిపోయేవి. పోలియో వచ్చి ఎడమకాలు పడిపోయాక ఆ దిగులు ఇంకా పెరిగింది. ఈ కాలితో, ఈ చేతులతో దీన్ని ఎవరు చేసుకుంటారని బంధువులు నా ముందే అనుకునేవాళ్లు. ఎవరూ చేసుకోలేదు. బడికి పంపడానికి కూడా కుదరలేదు. బడి అల్లూరు రోడ్డు మీద ఉండేది, అంత దూరం ఎత్తుకుని తిప్పే మనిషి ఇంట్లో లేదు. అమ్మే నన్ను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక పక్క చేపలు తోముతూ, ఇంకో పక్క బైబిలు వాక్యం చదివించి అక్షరాలు నేర్పింది. అందుకు నేను రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. అయితే ఆ సన్నని చేతులు దేనికిచ్చాడో దేవుడు నాకు యాభై దాటాక గానీ తెలియనివ్వలేదు. విమానం రెక్కలోకి దూర్చడానికి.

మా అన్న సైన్యంలో విమానాలకు రేకు పని చేసినవాడు. ఉద్యోగమంతా రివెట్లు కొట్టడమే. వాటిని నడిపేవాళ్లు వేరే. తను రేకు బిగించిన విమానం పైకి లేస్తుంటే కింద నిలబడి, చుక్కంత అయ్యేదాకా చూసేవాడట. వదిన పోయాక, పిల్లలు కూడా లేరు కాబట్టి, నా దగ్గరికే వచ్చేశాడు. వచ్చిన కొత్తలో ఏడాదిలో సగం రోజులు ఎక్కడికో వెళ్లి చిన్న విమానం నడపడం నేర్చుకుని, దానికి అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఒక రోజు లారీలో పెద్ద పెద్ద అల్యూమినియం రేకులు దిగాయి. గోదాముకి కొత్త కప్పు వేస్తున్నారనుకుంది ఊరు. ఇద్దరు కూర్చునే విమానం ఇంట్లోనే కట్టుకుంటానని అన్న చెప్పినప్పుడు నేను కూడా నవ్వాను. తను నవ్వలేదు.

గోదామంటే రొయ్యల మేత నిలవచేసే గోదాము. మాకున్న కొద్దిపాటి పొలంలో వరి పండినంత కాలం పండించాము. చుట్టూ అందరూ రొయ్యల గుంటలు తవ్వుకోవడంతో ఊట ఉప్పెక్కి మా నారు ఎర్రబడిపోయింది. ఇక చేసేది లేక మేమూ గుత్తకిచ్చేశాం. గుంటల్లో తెగులొచ్చి గుత్తదారు మేత నిలవ మానుకున్నప్పుడు గోదాము ఖాళీ అయింది. ఆ గుత్త డబ్బుతోనే రేకులొచ్చాయి, ఆ గోదాములోనే రెక్కలు లేచాయి.

రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట ఒకరు గాలితో నడిచే గన్ను పెట్టి రివెట్ తల మీద కొడతారు. లోపల ఇంకొకరు ఇనుప దిమ్మెను తోకకి ఆనించి పట్టుకుంటారు. ఆ దిమ్మెను డాలీ అంటారు. గన్ను దెబ్బకి రివెట్ తోక డాలీ మీద నలిగి చిన్న బిళ్ళలా అవుతుంది. ఆ బిళ్ళే రెండు రేకుల్ని కలిపి పట్టుకునేది. వంకరగా నలిగినా, పల్చబడినా, పగిలినా అది పనికి రాదు. డాలీ పట్టే మనిషి చెయ్యి రెక్కలో ఇరుకు సందుల్లోకి, భుజం దాకా పోవాలి. అన్న చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. నన్ను పిలిచి, నా చెయ్యి లోపలికి పెట్టించి, అటు వైపు నుంచి వంగి చూశాడు. చివరికి ఒక్క మాటన్నాడు.

"నీ కోసమే గీసినట్టుండాదే పాపా ఈ నకషా."

ఆ వయసులో కూడా నన్ను పాపా అనేవాడు. ఆ రోజు పడుకునే ముందు ప్రార్థనలో నా చేతుల కోసం మొదటిసారి కృతజ్ఞత చెప్పుకున్నాను.

గన్ను చప్పుడుకి చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకునేవాళ్లం. మధ్యలో రేకు. ఒకరి మొహం ఒకరికి కనపడదు, మాట వినపడదు. అందుకని అన్న తను పనిచేసిన చోట వాడే పద్ధతి నేర్పాడు. వేలి కణుపుతో రేకు మీద ఒకసారి తడితే, ఇంకొంచెం కొట్టు అని. రెండుసార్లు తడితే సరిపోయింది, పక్కదానికి పో. మూడుసార్లు తడితే చెడిపోయింది, తీసెయ్. అంతే. డాలీ పట్టిన మనిషి ఏది తడితే అది. గన్ను పట్టినవాడు వాదించకూడదు, ఎందుకంటే లోపల ఏముందో తనకి కనపడదు. ఆ సంగతి మొదటి రోజే గట్టిగా చెప్పాడు. మూడు తడితే తీసేస్తానంతే, ఎందుకని అడగను అన్నాడు.

అలా సంవత్సరాలు గడిచాయి. ఉదయం కుట్టుపని, వంట అయిపోయాక గోదాముకి వెళ్లేదాన్ని. డ్రిల్లు బిట్టుని వేళ్లతో తిప్పుతూ రంధ్రాల అంచుల గరుకు తీసేదాన్ని, బొటనవేలితో నలిగిన బిళ్ళను తడిమి చూసేదాన్ని. డాలీ అదురుకి కుడిచేతి వేళ్లు రెండు మొద్దుబారిపోయాయి. చలికాలం పొద్దున వాటితో సూదిలో దారం ఎక్కించలేను. ఎడమ చేతితో ఎక్కించుకుంటాను. మేమిద్దరం ఇంట్లో మాట్లాడుకున్న దానికన్నా రేకుకి అటూ ఇటూ ఉండి తట్టుకున్నదే ఎక్కువ.

ఊళ్లో మా విమానం మీద జోకులకి కొదవ లేదు. జువ్వలదిన్నె వైపు నుంచి చేపలు తెచ్చే ఆవిడ గంప దించి, గోదాము వైపు చూసి అడిగేది.

"ఏమక్కా, మీ అన్న బోటు ఇంకా లేవలేదా? మా ఆయన బోటు ఈ లోపల రెండు మాట్లు మునిగి తేలింది."

లేచినప్పుడు నిన్నూ ఎక్కిస్తాడులే అంటే, గంప పెట్టుకోనిస్తాడో లేదో ముందు కనుక్కో అనేది. అన్నకి చెప్తే, గంప బరువు ఎంతో కనుక్కొని రమ్మన్నాడు. తను వేళాకోళం చేస్తున్నాడో నిజంగా లెక్కేసుకుంటున్నాడో నాకు తెలియలేదు.

ఒక ఆదివారం మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి విమానం కోసం ప్రార్థన చేశారు. కొత్త ఇంటికి, కొత్త బండికి చేసినట్టే నూనెలో వేలు ముంచి రెక్క మీద అద్దారు. ఆయన గేటు దాటగానే అన్న గుడ్డ తీసుకుని ఆ నూనె తుడిచేశాడు. నాకు మనసు చివుక్కుమంది.

"నూనె మీద రంగు నిలబడదు పాపా. ప్రార్థన ఏడికీ పోదులే, అది లోపలికి దిగుంటాది," అన్నాడు.

రంగు విషయంలో అన్నకి అంత పట్టింపు. ఏ ముక్కయినా బిగించక ముందు మందునీళ్లలో ముంచి, మంచినీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, లేత పచ్చ రంగు పూయాలి. ఆ పూత ఉంటే రేకుకి తుప్పు పట్టదు. మందులో ముంచడం, కడగడం తన పని. ఆరబెట్టడం నాది. పెరట్లో దండెం మీద నా చీరల పక్కన రెక్క ముక్కల్ని బట్టల క్లిప్పులు పెట్టి వరసగా వేలాడదీసేదాన్ని. గాలికి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. ఆ చప్పుడు నాకు చాలా ఇష్టం.

కడగడానికి పెరటి బోరు నీళ్లే. మా నాయన వేయించిన బోరు అది. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరి బోరులోనూ అంత తియ్యటి నీళ్లు పడలేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు బిందె పట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్లు. మా బోరు తియ్యటిది అనే మాట ఇంటి పేరులా నిలబడిపోయింది. తర్వాత ఆటోలో నీళ్ల క్యాన్లు రావడం మొదలైంది. ఊరంతా క్యాన్లకి మారింది, మేమూ మారాం. తాగడం, వండడం క్యాను నీళ్లు. మిగతావన్నీ బోరు నీళ్లు. ఆ నీళ్లు నోట్లో పోసుకుని ఎన్నేళ్లయిందో మా ఇద్దరికీ గుర్తులేదు. సబ్బు నురగ రావడం లేదని నేను సబ్బు మార్చాను. చీరలు ఆరాక గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంటే ఎండ ఎక్కువైందనుకున్నాను. మా బోరు తియ్యటిది కదా.

ఎడమ రెక్క పూర్తిగా మూసేశాం. కుడి రెక్కకి ఆఖరి రేకు ఒక్కటి మిగిలింది. దానికి ముందు చూసి సంతకం పెట్టాల్సిన అధికారి వచ్చి, టార్చి వేసి లోపలంతా చూసి, బాగుందని వెళ్లాడు. అప్పటికి కనపడేదేమీ లేదు కూడా. అంతలో అన్న పాదానికి పుండు పడింది. సుగరు మనిషి. అది మానడానికి వానాకాలం అంతా పట్టింది. ఆ ఏడు తుపాన్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి, గోదాములో గోడలు చెమర్చాయి. అన్న మంచం మీద కూర్చుని వచ్చే వేసవి గురించే మాట్లాడేవాడు. వేసవిలో తనకి మళ్లీ వైద్య పరీక్ష ఉంది. ఈ పుండు, ఈ సుగరు చూశాక ఇక విమానం నడపడానికి ఒప్పుకోరని తనకి తెలుసు. ఆ లోపల రెక్క మూసి, లారీ మీద వేసుకుని, రన్‌వే ఉన్న చోటికి తీసుకెళ్లి ఒక్కసారి పైకి లేవాలి. ఒక్కసారి చాలు అనేవాడు.

వానలు తగ్గాక గోదాము తెరిచాం. డాలీ పట్టుకునే చోటు చూసుకుందామని నేను రెక్కలోకి చెయ్యి పెట్టాను. కుడిచేతికి ఏమీ తెలియలేదు. ఎడమ చెయ్యి పెట్టి తడిమితే, ఇదివరకు మేము కొట్టిన రివెట్ల చుట్టూ, రేకు మీద రేకు కలిసే అతుకు వెంబడి, గరుగ్గా తగిలింది. ఎండుచేప మీద ఉప్పు పేరుకున్నట్టు. చెయ్యి బయటికి తీస్తే వేళ్లకి తెల్లటి పొడి అంటింది. నాలిక మీద పెట్టుకుని చూశాను, ఉప్పగా తగిలింది.

అన్నకి చూపిస్తే, సముద్రం గాలి, తుడిస్తే పోతుంది అన్నాడు. గుడ్డ ఇచ్చాడు. తుడిచాను. నాలుగు రోజులకి మళ్లీ వచ్చింది, అదే అతుకులోంచి, లోపలి నుంచి తోసుకుని వచ్చినట్టు. అన్న చిన్న అద్దం లోపలికి పెట్టి, టార్చి వేసి చూశాడు. అద్దం పట్టుకునే నిలబడిపోయాడు. గాలి పైన వాలుతుంది గానీ అతుకు మధ్యలోకి దూరదని నాకన్నా తనకే బాగా తెలుసు. రెండు రేకుల మధ్య ఉన్నది, ఆ రెండూ కలవక ముందే వాటి మీద ఉండి ఉండాలి.

అద్దం బల్ల మీద పెట్టి, కుంటుకుంటూ పెరట్లోకి వెళ్లాడు. బోరు కొళాయి తిప్పి, దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాడు. మింగలేదు. చాలాసేపు నోట్లోనే ఉంచుకుని, పక్కకి తిరిగి ఊసేశాడు.

"నాయన బోరు పాపా ఇది," అన్నాడు.

కొళాయి అలాగే పారుతుంటే నేను వెళ్లి కట్టేశాను. ఒక్కో ముక్కనీ ఎంత శ్రద్ధగా కడిగాడో నాకు తెలుసు. మూల మూలా, రంధ్రం రంధ్రం, రెండు మాట్లు, మూడు మాట్లు. ఎంత బాగా కడిగాడో అంత ఉప్పు పట్టించాడు. దాని మీద రంగు పూశాడు. ఇద్దరం కలిసి రివెట్లు కొట్టి లోపల బిగించేశాం.

వారం రోజులు తను గోదాము వైపు వెళ్లలేదు. ఆ తర్వాత ఒక ఉదయం కాఫీ తాగుతూ, రేపు ఆఖరి రేకు వేసేద్దాం అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను.

"లోపల ఏముందో తెలవకుండా ఎట్టా మూస్తావన్నా?"

"బయటికి వచ్చింది కొంచెమే. అది రేకుని తినాలంటే ఏళ్లు పడతాది. నేను ఎగిరేది ఒక్క మాటు మాత్రమే. ఒక్క రౌండు కొట్టి దిగేస్తా."

"రెక్క ఊడితే?"

"ఊడితే నేనొక్కడినే గదా ఉండేది అందులో."

"నేను?" అన్నాను.

అన్న కాఫీ కప్పులోకి చూశాడు. అమ్మ, నాయన, వదిన అందరూ పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరం. నేను కాలుజారి పడితే లేపేది తను, తనకి సుగరు దిగి చెమటలు పడితే చక్కెర నీళ్లు పట్టేది నేను. ఆ మాట చెప్పాలని ఉంది. కానీ మా ఇంట్లో అలాంటి మాటలు చెప్పుకునే అలవాటు లేదు. ఆ రోజంతా ప్రార్థన చేశాను. తనకి మనసు మారాలని అడిగాను. మారలేదు.

మర్నాడు ఉదయం రేకు ఎత్తి పెట్టి, పిన్నులతో వరసగా పట్టించాడు. కంప్రెసర్ వేశాడు. ఎప్పటిలాగే నేను స్టూలు మీద కూర్చుని, చెవుల్లో బిరడాలు పెట్టుకుని, డాలీతో చెయ్యి లోపలికి పెట్టాను. తెల్లటి పొడి మోచేతికి రాసుకుంటూ వచ్చింది. అటు వైపు నుంచి గన్ను రివెట్ మీద ఆనింది. మోగింది. ఆగింది. బొటనవేలితో తడిమాను. బిళ్ళ గుండ్రంగా, నున్నగా నలిగింది. మేము అన్నేళ్లలో కొట్టినవాటిలో అంత చక్కగా దిగినవి తక్కువ.

మూడుసార్లు తట్టాను.

కాసేపటికి డ్రిల్లు చప్పుడు వినపడింది. ఆ రివెట్ తల తొలిచి, బయటికి తీసి, కొత్తది పెట్టాడు. మళ్లీ గన్ను మోగింది. అది కూడా బాగానే దిగింది. మళ్లీ మూడుసార్లు తట్టాను.

మళ్లీ తీశాడు. ఈసారి డ్రిల్లు చప్పుడు ఆగాక చాలా ఆలస్యమైంది. తీసినదాన్ని వెలుతురులో పెట్టుకుని చూస్తున్నాడని నాకు తెలుసు. అందులో తప్పేమీ కనపడి ఉండదు. ఇంకొకటి పెట్టాడు. కొట్టాడు. డాలీ జారకుండా రెండో చేత్తో భుజం అదిమి పట్టుకున్నాను. అది కూడా సరిగ్గానే దిగింది.

మూడుసార్లు తట్టాను. రేకు మీద నా వేలి చప్పుడు నా చెవులకే వినపడలేదు, ఎముకకి తెలిసిందంతే.

ఈసారి డ్రిల్లు మోగలేదు. గాలి నిండాక కంప్రెసర్ దానంతటదే ఆగిపోయింది. నేను చెయ్యి తియ్యలేదు. తీస్తే ఇంకెవరినైనా పిలిచి కొట్టించుకుంటాడేమో అనిపించింది. ఊళ్లో ఇంకెవరి చెయ్యీ అందులో పట్టదని తెలిసినా అలాగే అనిపించింది. ఎంతసేపయిందో, గన్నుని బల్ల మీద పెట్టిన చప్పుడు రేకులోంచి నా చేతికి తెలిసింది. అన్న రెక్క చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు. నా చెవుల్లోంచి బిరడాలు తనే తీశాడు.

"చెయ్యి తీసుకో పాపా," అన్నాడు.

ఎందుకని అడగలేదు. మొదటి రోజు చెప్పిన మాట ప్రకారమే అడగలేదు.

వేసవి వచ్చింది. వైద్య పరీక్షకి తను వెళ్లనే లేదు. అనుమతి కాగితం గడువు దానంతటదే తీరిపోయింది. ఎండలు తగ్గే వేళకి ఒక రోజు వంటింటి కిటికీ రెక్క మీద ఒకసారి తట్టిన చప్పుడైంది. ఒకసారి తడితే ఇంకొంచెం కావాలని. వెళ్లి చూస్తే అన్న చేతిలో డ్రిల్లు ఉంది.

విప్పడానికి కూడా ఇద్దరు కావాలి. తల తొలిచాక సన్నటి పోటుతో తోకను లోపలికి గుద్దుతారు. రేకు సొట్టపోకుండా వెనక డాలీ ఆనించి పట్టుకోవాలి. నేను మళ్లీ చెయ్యి లోపల పెట్టాను. మూయడానికి ఎలా కూర్చున్నామో విప్పడానికీ అలాగే కూర్చున్నాం. తీసిన రివెట్లని అన్న రెండు డబ్బాల్లో వేసేవాడు. తెల్లపొడి పట్టినవి ఒకదాంట్లో, చెడకుండా మెరుస్తున్నవి ఇంకోదాంట్లో. మెరుస్తున్న డబ్బా తొందరగా నిండిపోయేది. నిండినప్పుడల్లా దాన్ని సంచిలోకి వంపి మళ్లీ పెట్టేవాడు. నా వైపు చూసేవాడు కాదు. ఆ సంచి బరువెక్కుతున్న కొద్దీ నాకు అన్నం సయించేది కాదు.

ఎడమ రెక్క విప్పినప్పుడు, విమానం ఒంటికి అది తగులుకునే మొదలు దగ్గర, అతుకు తెరిస్తే రేకు మడత కాజాలా పొరలు పొరలుగా విచ్చుకుంది. అన్న గోటితో ఒక పొర లేపాడు. అది విరిగి చేతిలోకి వచ్చింది. చూసి కింద పడేశాడు. ఆ పొరలు ఒక్క రౌండుకి ఆగేవో ఆగేవి కావో నాకు తెలియదు. ఏళ్ల తరబడి విమానాల రేకులు చూసిన తనకీ తెలియదు. తెలుసుకోవడానికి ఉన్నది ఒకటే దారి.

విప్పిన రేకులు కొన్ని గుంటల కాపలావాళ్లు అడిగి తీసుకెళ్లి గుడిసెల మీద వేసుకున్నారు. వాన పడితే రివెట్ రంధ్రాల వరస వెంట నీళ్లు కారుతున్నాయని తిరిగి తెచ్చి ఇచ్చారు. విమానం ఒళ్లు మాత్రం గోదాములో అలాగే ఉంది. కోళ్లు అందులో గుడ్లు పెడుతున్నాయి. చేపలావిడ ఇప్పుడు దాని ఊసెత్తదు. ఎప్పుడైనా ఆ వైపు చూసి, చేపలు రెండు ఎక్కువేసి పోతుంది.

మా సంఘంలో సంవత్సరం చివర కృతజ్ఞతా కూడిక ఉంటుంది. ఒక్కొక్కరూ లేచి ఆ ఏడు దేవుడు చేసిన మేలు చెప్పాలి. చెప్పాక అందరూ ఆమెన్ అంటారు. నా వంతు వచ్చింది. కర్ర ఊతంతో లేచాను. మా అన్నని నాకు సజీవంగా ఉంచినందుకు స్తోత్రం అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. మగవాళ్ల వైపు మూడో బెంచీలో అన్న తల వంచుకుని కూర్చున్నాడు. పెదవులు కదల్లేదు. తన వంతు వచ్చినప్పుడు అయ్యగారు పేరు పెట్టి పిలిచినా లేవలేదు. ఒంట్లో బాగాలేదేమోనని పక్కవాళ్లు సర్దిచెప్పారు.

కూడిక అయ్యాక జనం బయటికి వెళ్లేదాకా నేను లోపలే ఉన్నాను. మా గుడి మెట్లు ఎత్తు, వాటి మీద నా కాలు నిలవదు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అన్న కింది మెట్టు మీద, నా వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. చెయ్యి మాత్రం ఎప్పటిలాగే వెనక్కి చాపి ఉంచాడు. పట్టుకుని దిగాను.